హఫీజ్‌పేటలో సున్నపు గీతల ఇల్లు

ఆ రోజుల్లో చేసే పనికి ముందు ‘కంప్యూటర్’ అన్న మాట తగిలించుకుంటే చాలు, ఎదుటివాళ్ళ కళ్ళలో మనం ఒక మెట్టు పైకెక్కేవాళ్ళం. కంప్యూటర్ జాతకం, కంప్యూటర్ కళ్ళ పరీక్ష, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. మా మియాపూర్ బస్ డిపో దగ్గర రబ్బరు స్టాంపులు చేసే ఆయన కూడా బోర్డు మీద ఆ మాట రాయించేశాడు (లోపల చూస్తే ఆయన, ఒక ఉలి, ఒక స్టవ్వు ఉండేవి). మాదాపూర్ వైపు బండలు పగలగొట్టే చప్పుడు పగలల్లా వినిపిస్తుండేది. ఆ బండల మధ్య నుంచి గుండ్రటి అద్దాల మేడ లేస్తోందట అని జనం ఆదివారాలు పెళ్ళాం పిల్లల్ని స్కూటరెక్కించుకుని వెళ్ళి చూసొచ్చేవారు. అలాంటి గాలి వీస్తున్న రోజుల్లో, ఇరవై మూడేళ్ళ వయసులో, నేను ఉన్న ఉద్యోగం మానేసి, పడకగదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని, సొంతంగా ఇళ్ళ ప్లాన్లు గీయడం మొదలుపెట్టాను. ఇప్పుడు దీన్ని ఫ్రీలాన్సింగ్ అంటున్నారు. అప్పుడు మా బంధువులు మాత్రం “ఏమైందమ్మా, ఒంట్లో బాగోలేదా?” అని అడిగేవారు.

అంతకు ముందు నేను అమీర్‌పేటలో ఒక ఆర్కిటెక్టు గారి దగ్గర పనిచేసేదాన్ని. ఆయన పేరు ఇప్పుడెందుకు గానీ, ఆఫీసులో మేమంతా చాటుగా ‘అయిపోతుందిసార్’ అని పిలుచుకునేవాళ్ళం. ఎందుకంటే ఇల్లు కట్టుకునేవాళ్ళు ఎవరొచ్చి ఏమడిగినా ఆయన నోటివెంట వచ్చేది ఆ ఒక్క మాటే. ఇంకో గది పడుతుందా అండీ? అయిపోతుంది సార్. కారు పట్టేంత చోటు ఉంటుందా? అయిపోతుంది సార్. ఎల్లుండికి ఇచ్చేస్తారా? అయిపోతుంది సార్. ఆ అయిపోవలసినదంతా నా బల్ల మీద అవ్వాలి. అవ్వనప్పుడు వచ్చే కేకలు కూడా నా బల్ల దగ్గరికే నడిచొచ్చేవి. ఒకరోజు అలాంటి కేకలు కడుపునిండా తిన్నాక, “సార్, ఏది అవుతుందో ఏది అవదో, ఎప్పటికి అవుతుందో మొదటిరోజే చెప్పేస్తే పోతుంది కదండీ” అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి నవ్వారు. “అమ్మాయ్, నువ్వు గీతలు గీయడం నేర్చుకున్నావు. మనుషులతో మాట్లాడటం వేరే కోర్సు” అన్నారు. ఆ మాట నాకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. మర్నాడు రాజీనామా ఇచ్చాను. “నెల తిరక్కుండా వస్తావు, నీ కుర్చీ అలాగే ఉంచుతా” అన్నారు. (సోమవారానికల్లా అందులో వేరే అమ్మాయి కూర్చుందని తర్వాత తెలిసింది. అదొక్కటి మాత్రం నిజంగానే అయిపోయింది.)

మా నాన్న ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, మియాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడినవాడు. కాగితం మీద లేనిది లోకంలో లేనట్టేనని ఆయన సిద్ధాంతం. వచ్చే వేసవి దాకా చూసుకో, లేదంటే బ్యాంకు పరీక్షలు రాసెయ్ అని నాకు గడువు పెట్టాడు. అది కూడా రాసి ఇమ్మంటాడేమోనని భయపడ్డాను గానీ, కూతుర్ని కదా, నోటిమాటకే ఒప్పుకున్నాడు.

నా మొదటి పెద్ద పని మా అపార్టుమెంటు కట్టిన మేస్త్రి ద్వారా వచ్చింది. హఫీజ్‌పేటలో ముగ్గురు అన్నదమ్ములున్నారు, పాత ఇల్లు చాలడం లేదు, రోడ్డు పక్క జాగాలో అందరూ కలిసుండేలా పెద్దిల్లు కట్టుకుంటారట, ‘కంప్యూటర్ల ప్లాను’ కావాలట అన్నాడు. మర్నాడే అన్నదమ్ములు ముగ్గురూ ఒకే జీపులో దిగారు. పెద్దన్న తెల్ల పంచె, గుబురు మీసాలు; ఊళ్ళో తగవులు తీర్చే మనిషి. నడిపన్న ఎప్పుడూ వేళ్ళ మీద ఏదో లెక్కవేస్తూ ఉండేవాడు. చిన్నన్న కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, సినిమాల్లోంచి ఇప్పుడే దిగినట్టుండేవాడు. ముగ్గురూ నా పడకగదిలో, నా మంచం మీదే వరసగా కూర్చుని, కంప్యూటర్ వైపు భక్తిగా చూశారు.

“చెల్లె, ఇగ కంప్యూటర్ల ఏస్తే ఎంతసేపమ్మా, టక్కున అయితది గద?” అన్నాడు పెద్దన్న.

నేను ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నాను. మనుషులతో మాట్లాడే కోర్సులో నాకు ఫస్టుక్లాసు రావాలి మరి. “టక్కున అవదన్నా” అని మొదలుపెట్టి, ముందు మీ అవసరాలు చెబుతారు, నేను ముసాయిదా గీస్తాను, మీరు చూసి మార్పులు చెబుతారు, అప్పుడు ఖాయం చేస్తాం, ఖాయమయ్యాక మార్చకూడదు అని పాఠంలా అప్పజెప్పాను. ముగ్గురూ తలలూపారు. అంతటితో ఆగానా? నాన్న సాయంతో ‘పని జరుగు విధానము’ అని ఒక కాగితం కూడా తయారుచేసి ఉంచాను. నాన్న చెయ్యి పడటంతో అది కలెక్టరాఫీసు నుంచి వచ్చిన తాఖీదులా తయారైంది. ‘కుటుంబము తరపున ఒక్కరు మాత్రమే నిర్ణయము తెలియజేయవలెను’ అని అందులో ఒక ముక్క నేనే పట్టుబట్టి పెట్టించాను. చదవమని పెద్దన్న చేతికిచ్చాను.

“సదువుడెందుకమ్మా? నువ్వు మంచి పిల్లవని మొకం జూస్తెనే ఎర్కయితది” అని ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. తర్వాత ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను, ఆ కాగితం దేవుడి పటాల మధ్య, పసుపూ కుంకుమా పెట్టించుకుని, అగరొత్తి పొగలో నిలబడి ఉంది. నా జీవితంలో నా రాతకు అంత గౌరవం మళ్ళీ దొరకలేదు. చదివినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

కాదు, తప్పు చెప్పాను. ఆ ‘ఒక్కరు మాత్రమే’ అన్న ముక్క ముగ్గురూ చదివారు. ఆ ఒక్కరూ తానేనని ముగ్గురూ అనుకున్నారు.

మొదటి ప్లాను ఇచ్చిన కొన్నాళ్ళకు పెద్దన్న ఒంటరిగా వచ్చాడు. ఇల్లంతా బాగుంది గానీ ముందు అరుగు పెద్దగా ఉండాలి, నలుగురొచ్చి కూర్చుంటే ఇరుకు కాకూడదు అన్నాడు. ఇంట్లో అందరితో మాట్లాడారా అన్నా అంటే, “అందరు నా మాటే గద” అన్నాడు. మార్చి ఇచ్చాను. తర్వాత నడిపన్న వచ్చాడు. “చెల్లె, రేపు ఈడికి కంపినీలొస్తయి, పోరగాండ్లొస్తరు. రోడ్డు దిక్కు మడిగెలు పెడితె కిరాయి ఎంతొస్తదో ఎర్కేనా?” అని వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. దుకాణాల గదుల్ని అక్కడ మడిగెలంటారని నాకు ఆ రోజే తెలిసింది. ఇంట్లో చెప్పారా అంటే, “చెప్పుడేంది, లెక్కలన్ని నేనే గద జూసేది” అన్నాడు. ఇక చిన్నన్న సాయంత్రం వేళ బండి హారన్ కొట్టుకుంటూ వచ్చి, హాలు మధ్యలో రెండు పక్కల నుంచీ వంపు తిరిగి దిగే మెట్లు కావాలన్నాడు. “ఫికర్ చెయ్యకు మేడం, మా అన్నలకు నేను జెప్పిందే ఫైనల్” అన్నాడు. ప్రతిసారీ ఫ్లాపీ పట్టుకుని, బస్సులో అమీర్‌పేట వెళ్ళి, పెద్ద కాగితం మీద అచ్చు తీయించుకుని తెచ్చిచ్చేదాన్ని. ఎవరికివారు తాము వచ్చిన సంగతి రెండోవాళ్ళకు చెప్పలేదు. ఇంట్లో మాట్లాడుకునే వస్తున్నారనుకుని నేనూ చెప్పలేదు.

ముగ్గు పోసే రోజు దగ్గరపడింది. ముగ్గంటే వాకిట్లో వేసేది కాదు. పునాది తవ్వే ముందు ఎక్కడెక్కడ తవ్వాలో నేల మీద సున్నంతో గీతలు పోస్తారు, దాన్నీ ముగ్గు పోయడమే అంటారు. ముహూర్తం చూసి పోస్తారు, పోసిన వెంటనే గడ్డపార దింపుతారు. దానికి కాస్త ముందు మేస్త్రి మా ఇంటికి వచ్చి, చంకలో కాగితాల చుట్టలు మూడు తీసి నేలమీద పరిచాడు.

“అమ్మా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకుండ్రి. మీరు గీసింది ఒక్కిల్లా, మూడిండ్లా?” అన్నాడు. “ముగ్గురు మూడిచ్చిన్రు. నాదే ఫైనలంటే నాదే ఫైనలంటున్రు. ఆడ ఒకటే లొల్లి. ఇగ జాగ మూడు ముక్కలు జేసి ఎవరిది వాళ్ళు కట్టుకుంటరంట.”

నేను పరుగున హఫీజ్‌పేట వెళ్ళాను. వాళ్ళ పాత ఇంటి వాకిట్లో నా ప్లాన్ల కాపీలు మంచం మీద పడి ఉన్నాయి. ముగ్గురూ మూడు మూలల నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడకుండా అరుచుకుంటున్నారు. వాళ్ళమ్మ, అందరూ అవ్వ అనేవాళ్ళు, గడప మీద కూర్చుని ఎటో చూస్తోంది. నన్ను చూడగానే అరుపులు ఆగాయి. పెద్దన్న భార్య, పెద్ద వదిన, నా చేతికి మంచినీళ్ళ చెంబిచ్చి నెమ్మదిగా అంది: “కాయితం రాకముందు మంచిగుంటిమి బిడ్డా. గొడవలు లేకుండె.”

తిట్టినా బాగుండేది. ‘అయిపోతుందిసార్’ దగ్గర తిన్న కేకలన్నీ కలిపినా ఆ నెమ్మదైన మాటకు సాటి రావు. ఒక ఇల్లు నిలబెట్టడానికి వచ్చి ఉన్న ఇంటిని కూల్చానా అనిపించింది. ముహూర్తానికి ఇంకా సమయం ఉంది, జాగా పంచుకునే మాట అప్పటిదాకా ఆపండి, ఆదివారం అందరూ, అంటే ఆడవాళ్ళూ పిల్లలూ అవ్వా సహా, జాగా దగ్గరికి రండి, అక్కడ తేల్చుకుందాం అని మాత్రం అనగలిగాను. ఏం తేలుస్తానో నాకే తెలియదు.

ఏడుపు మొహంతో మా అపార్టుమెంటుకు తిరిగొచ్చేసరికి, కింద స్కూటర్లు పెట్టుకునే చోట ఆడపిల్లలు సుద్దముక్కతో నేలంతా గీసి ఆడుకుంటున్నారు. నేను దిక్కులు చూస్తూ నడిచిపోతుంటే ఒక పిల్ల కీచుగా అరిచింది. “ఆంటీ! గోడలోంచి వెళ్ళిపోతున్నారు! తలుపు అటుంది!” కిందికి చూశాను. నిజమే. హాలు, వంటిల్లు, మేడమెట్లు, అన్నీ గీసుకున్నారు. నేను వాళ్ళ గోడ మీద నిలబడి ఉన్నాను. (ఆంటీ అన్నందుకు రావలసిన కోపం ఆ రోజు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే వస్తోంది. ఇరవై మూడేళ్ళండీ నాకు!) ఆ పిల్లలు తలుపులోంచి వస్తూ, గోడలకు తగలకుండా ఒదుగుతూ, ‘మా వంటింట్లో చోటు లేదు, మీరు బయట కూర్చోండి’ అనుకుంటూ కాపురం చేస్తున్నారు. నేను హఫీజ్‌పేట వాళ్ళకు ఇన్నాళ్ళూ ఇచ్చింది గీతలు. వాళ్ళెవ్వరూ ఆ గీతల్లో ఒక్కసారైనా నడవలేదు. తల ఊపడమంటే అర్థమైందని నేను అనుకున్నాను. నన్ను నొప్పించడం ఇష్టంలేక ఊపారంతే.

ఆ వారం కొత్త ప్లాను ఒకటి గీశాను. అందులో ఏ ఒక్కరి కోరికా తగ్గించలేదు. పెద్దన్న అరుగు ఉంది, నడిపన్న మడిగెలున్నాయి, చిన్నన్న మెట్లు రెండు వంపులతోనూ ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే మేస్త్రినీ సున్నం బస్తాలనూ వెంటబెట్టుకుని జాగాకు చేరాను. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావలసి నాన్నను బతిమాలాను. ఆయన ఇస్త్రీ ప్యాంటులో, చేతిలో గొడుగుతో, తనిఖీకి వచ్చిన అధికారిలా దిగాడు. “ఇది రాతపూర్వకంగా ఎక్కడా లేదే అమ్మా” అని గొణుగుతూనే టేపు పట్టుకున్నాడు. ఎండెక్కేలోపు ఆ ఎర్రమట్టి నేల మీద ఇల్లంతా అసలు కొలతలతో, అంటే కట్టబోయే ఇల్లు ఎంతో అంత, తెల్లగా వెలిసింది. ప్రతి తలుపు దగ్గరా గీత తెంపి దారి వదిలాను.

వంట సామానుతో రమ్మని ముందే కబురంపాను. జీపులోనూ బండ్ల మీదా కుటుంబమంతా వచ్చింది, అవ్వ కూర్చోవడానికి ఆమె మంచం కూడా తెచ్చారు. నేను గొంతు సవరించుకుని చెప్పాను. “ఇవాళ గృహప్రవేశం అనుకోండి. సాయంత్రం దాకా మీరంతా ఈ ఇంట్లోనే ఉండాలి. వండుకోవాలి, తినాలి, పడుకోవాలి. గీత అంటే గోడ. గోడ దాటకూడదు, తలుపులోంచే తిరగాలి. ఇంతే షరతు.”

అన్నదమ్ములు ముగ్గురూ ‘ఈ పిల్లకు ఎండదెబ్బ తగిలింది’ అన్నట్టు చూశారు. ఒప్పుకునేవాళ్ళు కాదేమో గానీ, పిల్లలు అప్పటికే కేకలేసుకుంటూ లోపలికి దూరిపోయారు. అవ్వ కర్ర పట్టుకుని లేచి, నాన్న నిలబడ్డ చోటికి వచ్చి, “దర్వాజ ఏడున్నదయ్యా?” అని అడిగింది. నాన్న గొడుగుతో చూపించాడు. అవ్వ కుడికాలు ముందుపెట్టి లోపలికి నడిచింది. ఆమె నడిచాక ఎవరు ఆగుతారు?

మొదటి తప్పు పెద్దన్నే చేశాడు. నేరుగా హాల్లోకి అడుగేయబోయి సున్నం తొక్కాడు. “గోడ కూలగొడ్తవారా!” అని అవ్వ కర్ర ఎత్తింది. ఊరి తగవులు తీర్చే మనిషి సిగ్గుపడుతూ వెనక్కి తిరిగి, అంత పెద్ద అరుగూ చుట్టూ తిరిగి, తలుపులోంచి వచ్చాడు. ఎండలో ఆ అరుగు తిరిగి రావడానికి పట్టిన సేపు ఆయన మొహంలో కనిపించింది. హాల్లో అందరూ కూర్చోబోతే మెట్లు అడ్డొచ్చాయి. మెట్ల చోట్లో మేస్త్రి ఇటుకలు పేర్చి ఉంచాడు. ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు అయిపోయి, మెట్ల మీదుగా గట్టిగా మాట్లాడుకోవలసి వచ్చింది. చిన్నన్న కాసేపు గర్వంగా ఇటుకల చుట్టూ తిరిగాడు. తర్వాత ఆయన భార్య అవతలి పక్క నుంచి, “జర మంచినీళ్ళిస్తవా?” అని అడిగింది. ఆయన ఒక వంపు చుట్టి, ఇంకో వంపు చుట్టి, చెంబు అందించేసరికి సగం నీళ్ళు ఒలికిపోయాయి. “గీ మెట్లేంది, సర్కస్ లెక్కున్నది” అంది ఆవిడ. చిన్నన్న కళ్ళజోడు నెత్తిమీద నుంచి కళ్ళమీదకి దించుకున్నాడు.

అసలు తమాషా భోజనాల దగ్గర జరిగింది. పెద్ద వదిన నేను గీసిన వంటింట్లోనే రాళ్ళ పొయ్యి పెట్టి మటన్ వండింది (నాన్నకు పచ్చిపులుసు నచ్చి మూడోసారి అడిగి పోయించుకున్నాడు, అది వేరే సంగతి). మడిగెలు ముందుభాగమంతా మింగేయడంతో తినే గది చిన్నబోయింది. అందరూ వరసగా విస్తళ్ళేసుకుని కూర్చుంటే చివరి మనిషికి చోటు చాలలేదు. ఆ చివరి మనిషి నడిపన్న. జరిగి, జరిగి, జరిగి, ఆఖరికి గీత దాటి కూర్చున్నాడు. ఆయన కూతురు చప్పట్లు కొడుతూ అరిచింది. “బాపు బాత్రూంల తింటుండు!” అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నడిపన్న కిందికి చూసుకున్నాడు. ముందు ఆయన భార్య నవ్వింది, తర్వాత చిన్నన్న, తర్వాత పెద్దన్న మీసాలు వణికాయి. పొద్దుటి నుంచి ఒకరితో ఒకరు మాట్లాడని ముగ్గురు అన్నదమ్ములు ఒకేసారి నవ్వడం అప్పుడే చూశాను. పెద్దన్న లేచి, “రారా, ఈడ గూసో” అని తన పక్కన చోటు చేశాడు.

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగసాగారు. సినిమా షూటింగా అని కొందరు, ఏదైనా పూజా అని కొందరు. టై కట్టుకున్న కుర్రాడొకడు బైకు దిగి, గీతలు దాటి వచ్చేస్తూ ఫ్లాట్లు ఎంత పడతాయని అడిగాడు. అప్పటికి మా నాన్న అరుగు మీద కుర్చీ వేయించుకుని ఇంటి కాపలా పదవి స్వీకరించి ఉన్నాడు. “బాబూ, అది గోడండి! అటు తిరిగి రండి” అని గొడుగు అడ్డంపెట్టి కసిరాడు. ఆ కుర్రాడు నిజంగానే తిరిగి వచ్చాడు.

భోజనాలయ్యాక అవ్వ, “ఇగ నేనింత నడుం వాలుస్త. నా మంచం ఏడేస్తరు?” అంది.

జీపులోంచి మంచం దించి ఒక గదిలోకి తీసుకెళ్ళబోతే మలుపు తిరగలేదు. ఇంకో గదిలో పడుతుంది గానీ, అక్కడి నుంచి స్నానాల గదికి వెళ్ళాలంటే అవ్వ మెట్లన్నీ చుట్టి రావాలి. మంచం మోస్తున్న ఇద్దరు కొడుకులూ నడిమిట్లో ఆగిపోయారు. అరుగు ఉంది, మడిగెలున్నాయి, మెట్లున్నాయి. వాళ్ళమ్మ పడుకునే చోటు ఎవరూ అడగలేదు. నిజానికి నేనూ అడగలేదు. పెద్దన్న మంచం కింద పెట్టి, మీసం సవరించుకున్నాడు. తర్వాత అరుగు దగ్గరికి నడిచి, సగం గీతను చెప్పుకాలితో చెరిపేశాడు. “గింత జాలు నాకు” అన్నాడు. నడిపన్న చెరిగిన గీత వైపు చూసి, వేళ్ళు ముడిచి విప్పి, “రెండు మడిగెలు తీసెయ్ చెల్లె, ఒక్కటుంటె సాలు” అన్నాడు. చిన్నన్న ఇటుకల్ని తనే ఎత్తి గోడవారగా పేర్చడం మొదలుపెట్టాడు.

నేను నోరు విప్పవలసిన సమయం అదేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈసారి పాఠం అప్పజెప్పలేదు. “అన్నా, ఈ సున్నపు గీతను మీరు కాలితో చెరిపారు. ఇవాళ ఎన్నైనా చెరపండి, నేను మళ్ళీ పోస్తాను. రేపు దీన్నే కాగితం మీద ఎక్కిస్తాను. అప్పుడు మార్చాలంటే నాకు మళ్ళీ పని, మీకు ఆలస్యం. గడ్డపార దిగాక మార్చాలంటే కూలగొట్టాలి, ఇక అడగొద్దు. ఇంకొకటి, మీలో ఎవరు వచ్చి చెబితే నేను వినాలి? ఒక్కరి పేరు చెప్పండి. అందరూ ఇక్కడే, నా ముందే.”

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచి ఉప్పెక్కడ, నీళ్ళెక్కడ, పిల్లాడెక్కడ అని ప్రతివాళ్ళూ అడిగింది పెద్ద వదిననే. ఆ ఇంట్లో ఒక్క గోడకూ తగలకుండా తిరిగింది కూడా ఆవిడే. చిన్నన్నే ముందు అన్నాడు, “వదిన జెప్తది.” మిగతా ఇద్దరూ ఊ అన్నారు.

పెద్ద వదిన కొంగుతో మొహం తుడుచుకుని భర్త వైపు తిరిగింది. “నేను జెప్తే ఇంటరా మీరు?”

“ఇన్నేండ్ల సంది ఇంటలేమా?” అన్నాడు పెద్దన్న. అవ్వతో సహా అందరూ నవ్వారు.

పొద్దుగూకే వేళకు నా చేతులూ జుట్టూ కనుబొమలూ సున్నంతో తెల్లబడిపోయాయి. చెరిపి పోసి, చెరిపి పోసి, ఆఖరికి అవ్వ మంచం హాలు పక్క గదిలోకి చక్కగా మలుపు తిరిగింది. నేను చెంబు నీళ్ళతో మొహం కడుక్కుంటుంటే పెద్ద వదిన వచ్చి టవలు ఇచ్చింది. “కాయితం రాకముందు మంచిగుంటిమి అన్న గద, మనసుల పెట్టుకోకు బిడ్డా” అంది. మనసులో పెట్టుకోకపోవడమేమిటి, ఆ మాట లేకపోతే ఆ రోజే లేదు. అది ఆవిడకు చెబుదామనుకునేలోపు ఆవిడ నా జుట్టులోని సున్నం దులపడం మొదలుపెట్టింది.

ముహూర్తం తప్పలేదు. ఆ తర్వాత ఒకే ఒక్కసారి చిన్నన్న మా మెట్లెక్కి వచ్చి, తన గదికి బాల్కనీ విషయం గుసగుసగా ఎత్తాడు. “వదిన చెప్పిందా?” అన్నాను. హోంవర్కు మరిచిపోయిన పిల్లాడిలా వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ రోజు తలుపు వేసుకుని అద్దంలో నన్ను నేను చూసుకుని ఎంతసేపు నవ్వుకున్నానో! మనుషులతో మాట్లాడే కోర్సు పాసయ్యానని నాకు నేనే పట్టా ఇచ్చుకున్నాను.

గృహప్రవేశానికి పిలిచి పీట మీద కూర్చోబెట్టి చీర పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ పెద్దన్న నన్ను చూపించి, “ఇగో, మాతోని ఇల్లు కట్టకముందే కాపురం జేయించిన పిల్ల” అని పరిచయం చేశాడు. ఆ మాట అటు కొండాపూర్ దాకా, ఇటు జీడిమెట్ల దాకా పాకింది. ‘ముగ్గు ఇంజినీరమ్మ’ ఇల్లు ఎక్కడ అని మియాపూర్‌లో అడుక్కుంటూ జనం వచ్చేవారు (నేను ఇంజినీర్ని కాదు, డిప్లొమా మనిషిని, చెప్పినా ఎవరూ వినలేదు). అమీర్‌పేట నుంచి ఒక పెద్దాయన వచ్చి, ‘అయిపోతుందిసార్’ గారే పంపించారని, ‘మీకు నచ్చజెప్పడం ఆ అమ్మాయికే చేతనవుతుంది’ అన్నారని చెప్పినప్పుడు, మర్యాద కోసం మామూలుగా మొహం పెట్టుకోవడానికి చాలా కష్టపడ్డాను. వేసవి వచ్చింది, వెళ్ళింది. నాన్న బ్యాంకు పరీక్షల ఊసు ఎత్తలేదు. పైగా సెలవురోజుల్లో గొడుగు పట్టుకుని తనే తయారై, “ఇవాళ ఎక్కడమ్మా ఇల్లు?” అనేవాడు.

ఇప్పుడు నాకు ఆఫీసుంది. పిల్లలున్నారు, అంటే నా దగ్గర పనిచేసే పిల్లలు. ఇల్లు కట్టుకునేవాళ్ళ కళ్ళకు ఏవో గుర్రపు గంతల్లాంటి అద్దాలు తగిలించి, కుర్చీలోంచి లేవకుండానే గదులన్నీ తిప్పి చూపించేస్తారు. బాగుంటుంది, కాదనను. అయినా నేను మాత్రం ఒక్కసారి జాగాకు రమ్మంటాను, ఒక్క పూట ఉండమంటాను. మోకాళ్ళు సహకరించక ఇప్పుడు గీతలు వేరేవాళ్ళు పోస్తున్నారు, నేను కుర్చీలో కూర్చుని ‘అది గోడండీ’ అని అరుస్తుంటాను.

మొన్న ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రవాళ్ళతో మాట్లాడుతూ, ప్రతివాళ్ళనీ ‘కస్టమరు ఒప్పుకోకపోతే ఏం చేస్తారు?’ అని అడుగుతున్నాను. అందరూ చక్కగా, తడబడకుండా చెబుతున్నారు. నడిమిట్లో ఎందుకో ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల నా ఎదురుగా వచ్చి కూర్చున్నట్టనిపించింది. అనుభవం లేదు, పెద్ద చదువు లేదు, జుట్టునిండా సున్నం, మొహంలో ఇంకా ఆరని పొగరు. ఆ ప్రశ్నకు తెల్లమొహం వేస్తుంది, నాకు తెలుసు. నేనైతే ఆ పిల్లకు ఉద్యోగం ఇచ్చి ఉండేదాన్ని కాదు. ఇవ్వకపోవడమే మంచిది. ఇచ్చినా నెల తిరక్కుండా నాతో గొడవపెట్టుకుని, వెళ్ళి సొంతంగా మొదలుపెట్టేసేది.